చేపలు అన్న మాటను ఆపిన ఐదు రోజులు

ఉద్యోగ విరమణకి ఇంకా మూడేళ్లుందనగా, జూన్ నెల మొదటి సోమవారం నాడు, ఏలూరులోని మా ప్రకటనల సంస్థలో నాకు తాడేపల్లిగూడెం గుప్త గారి ఖాతాను రెండోసారి అప్పగించారు. రెండోసారి అని ఎందుకంటున్నానంటే, అప్పటికి నాలుగేళ్లుగా ఆ ఖాతా నాదే. ఆ సోమవారం జరిగిందల్లా దాన్ని రెండుగా చీల్చి ఒక సగం నాకు ఉంచి, రెండో సగం షాహినాకి ఇవ్వడం. మా యజమాని రామ్మోహన్ గారు దాన్ని ‘పని పంచుకోవడం’ అన్నారు. నేను దాన్ని ఏమనుకున్నానో ఆ గదిలో బయటకి అనలేదు.

నా హోదా సీనియర్ సెర్చ్ మేనేజర్. షాహినా అప్పటికి ఏడాదిన్నర అనుభవం ఉన్న ఎగ్జిక్యూటివ్. వాళ్ల నాన్నగారు ఏలూరులో తివాచీలు నేసే పనివారు. డిగ్రీ అయ్యాక మా దగ్గర చేరింది. పని నేర్పింది నేనే. ఈ ముక్క అప్పట్లో నేను అవసరం ఉన్నా లేకపోయినా అందరికీ చెప్పుకునేవాణ్ని.

గుప్త గారిది చేపల చెరువులకి కావలసిన సామాను కొట్టు. ఏరేటర్లు, మోటార్లు, మేత, మందులు. ఏరేటర్ అంటే చెరువు నీటిని చిలికి అందులోకి గాలి ఎక్కించే యంత్రం. ఆయన వాటిని అమ్మడమే కాదు, అవసరానికి అద్దెకి కూడా పంపేవారు. తెల్లవారుజామున ఐదు గంటలకే ఆయన మనుషులు ఫోన్ ఎత్తుతారు. ఆదివారం కూడా ఎత్తుతారు. మా ప్రకటనలన్నీ ఆ ఫోన్ మోగడానికే.

ఈ పని తెలియనివారి కోసం రెండు మాటలు. ఫోన్‌లో మీరు ఏదైనా వెతికినప్పుడు పై వరుసల్లో ‘ప్రకటన’ అన్న చిన్న గుర్తుతో కొన్ని వస్తాయి. అవి ఊరికే రావు, వాటి వెనక మాలాంటివాళ్లు కూర్చుని ఉంటారు. మేము డబ్బు కట్టి ఎంచుకునే మాటని కీవర్డ్ అంటాం. జనం నిజంగా కొట్టే మాటని సెర్చ్ టర్మ్ అంటాం. ఈ రెండూ ఒకటే అనుకునేవాడు మా వృత్తిలో నెల తిరక్కుండా ఖాతాదారు చేత చీవాట్లు తింటాడు. ఈ రెండింటినీ ఎంత దగ్గరగా కలపాలో చెప్పేదాన్ని మ్యాచ్ టైప్ అంటారు. ఎగ్జాక్ట్ అయితే సరిగ్గా ఆ భావంతో వెతికినవాడికే ప్రకటన కనబడుతుంది. ఫ్రేజ్ అయితే ఆ భావం లోపల ఎక్కడో ఉన్నా చాలు. బ్రాడ్ అయితే సంబంధం ఉందని యంత్రానికి తోచిన ప్రతి వెతుకులాటకీ కనబడుతుంది. వీటికి తిరగేసినది నెగటివ్. ఫలానా మాట ఉంటే మా ప్రకటన చూపించవద్దు అని రాసుకునే జాబితా అది.

నేను ఈ పనిలోకి రాకముందు పత్రికలో వరుస ప్రకటనలు తీసుకునేవాణ్ని. అక్కడ మాటకింత అని రేటు. ఇల్లు అద్దెకివ్వాలని వచ్చినవాడి పది వాక్యాల్ని ఆరు మాటలకి కుదించడం నా నేర్పు. నలభై అయిదేళ్ల వయసులో కంప్యూటరు ముందుకి వచ్చినప్పుడు ఆ నేర్పునే వెంట తెచ్చుకున్నాను. గుప్త గారి ఖాతాలో నా కీవర్డ్‌లు పాతికకి మించవు, అన్నీ ఎగ్జాక్ట్. ‘ఏరేటర్ అద్దె’, ‘రెండు హెచ్‌పీ ఏరేటర్ ధర’, ఇలాంటివి. నెల చివర నా రిపోర్టు అద్దంలా ఉండేది. ఒక్క పనికిరాని మాట కనబడేది కాదు.

కనబడేది కాదు అన్నానే, అక్కడే ఉంది అసలు సంగతి. జనం కొట్టిన మాటల్ని చూపించే పట్టికని సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ అంటారు. మొదట్లో అది దాదాపు అన్నీ చూపించేది. కొన్నేళ్ల కిందట పద్ధతి మారింది. చాలామంది కొట్టిన మాటలే వరుసగా చూపిస్తారు. ఒకరిద్దరే కొట్టిన మాటల్ని, వారి గోప్యత కోసమని, చూపించరు. అవన్నీ కలిపి అడుగున ఒకే వరుస, ‘ఇతర సెర్చ్ టర్మ్‌లు’ అని. మా ఖాతా మొత్తం తీసుకుంటే వచ్చిన క్లిక్‌లలో సగానికి పైగా ఆ వరుసలోనే మునిగిపోయేవి. నేను ఆ వరుసని చూసీ చూడనట్టు వదిలేసేవాణ్ని. తెలియనిదాని గురించి తల బద్దలు కొట్టుకోవడం ఎందుకని నా వాదన.

షాహినా వదల్లేదు. తనకి సగం ఖాతా వచ్చిన వారంలోనే రామ్మోహన్ గారి దగ్గర అనుమతి తీసుకుని తాడేపల్లిగూడెం రైలెక్కింది. గుప్త గారి కొట్టులో ఫోన్ పక్కన రెండు రోజులు కూర్చుంది. ఫోన్ చేసిన ప్రతి రైతునీ ఒకే ప్రశ్న అడిగింది. “మా నంబరు కోసం ఫోన్లో ఏమని వెతికారండీ?” వాళ్లు చెప్పింది చెప్పినట్టు పొడుగాటి నోట్‌బుక్కులో రాసుకుంది. ఆ తరవాత గుప్త గారి గుమాస్తాకి కూడా అదే అలవాటు చేసింది. యంత్రం దాచిపెట్టిన మాటల్ని అడిగి తెచ్చుకోవచ్చన్న ఆలోచన పదకొండేళ్లలో నాకు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని అప్పుడు అనుకోలేదు, ఈ పిల్లకి ఎందుకొచ్చిందని అనుకున్నాను.

ఆ పుస్తకంలో ఏరేటర్ అన్న మాట ఎక్కడో గాని లేదు. ‘చేపలు నోళ్లు పైకి పెడుతున్నాయి ఏం చెయ్యాలి’. ‘తెల్లారేసరికి చేపలు తేలుతున్నాయి’. ‘మబ్బు పట్టింది చేపలకి ఆక్సిజన్ చాలట్లేదు’. వాన మబ్బు రెండు మూడు రోజులు వదలకపోతే చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తాయి. గట్టు మీద నిలబడి అది చూస్తున్న మనిషి యంత్రం పేరు, హార్స్‌పవర్ తలుచుకోడు. తన బాధని ఫోన్ మైకులో చెప్పుకుంటాడు. ఒక్కొక్కడు ఒక్కోలా చెప్పుకుంటాడు కాబట్టే ఏ ఒక్క మాటా రిపోర్టు పైకి రాలేదు. షాహినా ఆ బాధల్ని పోగేసి, ఫ్రేజ్ మ్యాచ్‌లో కీవర్డ్‌లుగా పెట్టి, ‘గంటలో ఏరేటర్ అద్దెకి పంపుతాం’ అని ప్రకటన రాసింది.

జూలై దాటేసరికి ఆమె సగం ఖాతా నుంచి వచ్చే ఫోన్లు నా సగానికి రెండింతలయ్యాయి. గుప్త గారు నాకు ఫోన్ చేయడం తగ్గించారు. అదివరకు మా ఆఫీసుకి వస్తే నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, “ఏవండీ ప్రభాకరరావు గారూ, కులాసానా అండీ” అని కూర్చునే మనిషి, ఇప్పుడు వస్తూనే “షాహినమ్మ లేదాండీ?” అని చుట్టూ చూసేవారు. రామ్మోహన్ గారు విజయవాడ నుంచి వచ్చిన అతిథులకి ఆ నోట్‌బుక్కు తెరిచి చూపించారు. తరవాత నా వైపు తిరిగి, “మీరు మిషన్ పేరు అమ్ముతున్నారండీ. ఆ అమ్మాయి రైతు బాధ వింటోంది” అన్నారు. ఆయన వేళాకోళానికే అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా ఏలూరు, తాడేపల్లిగూడెం ఆఫీసుల్ని కలిపి ఒకే సెర్చ్ విభాగం చేస్తామని, సీజన్ అయ్యాక దానికి ఒక హెడ్‌ని పెడతామని రామ్మోహన్ గారు వేసవిలోనే ప్రకటించారు. ఆ కుర్చీ నాదేనని నేను అనుకున్నాను, అందరూ అనుకున్నారు. ఆగస్టు వచ్చేసరికి అందరూ అనుకోవడం మానేశారు. నేను నేర్పిన పిల్ల కింద చివరి రెండున్నరేళ్లు పని చేయడం, సెలవు చీటీ మీద ఆమె సంతకం అడగడం, ఈ ఊహకే నాకు అన్నం సహించేది కాదు. ఇంట్లో మా ఆవిడ జానకి ఒక సాయంత్రం అంది, “ఆ అమ్మాయి పేరు ఇవాళ ఎన్నిసార్లు ఎత్తారో లెక్కపెట్టుకున్నారా?” నేను ఆ రోజుకి మూడుసార్లే అనుకున్నాను. ఆవిడ తొమ్మిది అంది.

దీన్ని వృత్తిపరమైన ఆందోళన అనీ, పద్ధతి పట్ల పట్టింపు అనీ చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అసూయ. ఆ పిల్లకి మంచి పేరు వచ్చిన ప్రతిసారీ నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. ఆమె నా ముందుకి వచ్చి, “సార్, ఇది మీరు నేర్పినదేనండీ” అన్నప్పుడల్లా ఇంకా ఎక్కువ పోసుకున్నాను.

సాకు దొరకడానికి ఎన్నాళ్లో పట్టలేదు. ఆగస్టు రెండో వారంలో గురువారం మధ్యాహ్నం ఆమె సగంలోని సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరిచాను. నాకు ఆ అధికారం ఉంది. అందులో పైకి కనబడుతున్న వరుసల్లో ‘చేపలు కేజీ ధర’, ‘దగ్గర్లో చేపలు ఎక్కడ దొరుకుతాయి’, ఇలాంటివి ఏడెనిమిది కనబడ్డాయి. అవి కూర కోసం చేపలు కొనుక్కునేవారివి. వారు మన ప్రకటన నొక్కిన ప్రతిసారీ గుప్త గారి డబ్బు వృథా. దీనికి సరైన మందు ‘చేపలు కేజీ’, ‘చేపల ధర’ అన్న జంట మాటల్ని నెగటివ్‌లో పెట్టడం. షాహినా అప్పటికే కొన్ని పెట్టింది, మిగతావి మర్నాడు పెట్టేదే. నేను ‘చేపలు’ అన్న ఒక్క మాటని పెట్టాను. తెలుగు అక్షరాల్లో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి. అదీ ఆమె నడిపే ప్రకటనల ప్రచారానికి మాత్రమే కాదు, ఖాతా అంతటికీ వర్తించే ఉమ్మడి జాబితాలో. నా పాతిక కీవర్డ్‌లలో చేపలన్న మాటే లేదు కాబట్టి నా సగానికి దానివల్ల నష్టం లేదు.

ఒంటరి మాటని నెగటివ్‌లో పెడితే ఆ మాట ఉన్న ప్రతి వెతుకులాటా ఆగిపోతుంది. ‘చేపలు కేజీ ధర’ ఆగుతుంది, ‘చేపలు తేలుతున్నాయి’ కూడా ఆగుతుంది. ఇది శిక్షణలో మొదటి వారం చెప్పే పాఠం. చెప్పేది నేనే. తెలియక చేశానని ఎవరైనా అనుకుంటారేమోనని ఇది రాస్తున్నాను. సేవ్ నొక్కి, కంప్యూటరు కట్టేసి, నాలుగున్నర రైలుకి తాడేపల్లిగూడెం బయల్దేరాను. మా ఇల్లు అక్కడే. భీమడోలు దాటుతుండగా మబ్బు పట్టింది. ఎంత కులాసాగా ఉన్నానంటే పక్క సీటాయన పేపరు అడిగితే మొత్తం ఇచ్చేశాను.

శుక్రవారం పదకొండింటికి షాహినా వచ్చింది. ఫోన్లు పొద్దుటి నుంచి ఒక్కటీ లేవంది. చేంజ్ హిస్టరీ చూశానంది. ఖాతాలో ఎవరు, ఏ రోజు, ఏ నిమిషానికి ఏది మార్చారో రాసి ఉంచే పట్టిక అది. నేను ఏదో ఒక అబద్ధానికి సిద్ధపడి ఉన్నాను. ఆమె అడిగింది వేరు.

“సార్, చేపలు అన్న మాట మీరు పెట్టారు కదండీ. ఏదో చూసే పెట్టి ఉంటారు. నాకు తెలియట్లేదు. చెబితే నేర్చుకుంటానండీ.”

మా ఆఫీసులో ఒక నియమం ఉంది. ఒకరు పెట్టిన నెగటివ్‌ని ఇంకొకరు తీయకూడదు, పెట్టినవారి అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. కుర్రాళ్లు తొందరపడి జాబితాలు చెరిపేస్తున్నారని ఆ నియమం పెట్టింది నేను. తీసే బటన్ ఆమె చేతిలోనే ఉంది, నొక్కడానికి ఒక్క క్షణం చాలు. ఆమె నొక్కలేదు. “కొంచెం వివరంగా చూడాలమ్మా, సోమవారం మాట్లాడదాం” అన్నాను. “సరేనండి” అని వెళ్లి, అదే విషయం మెయిల్‌లో కూడా రాసి అనుమతి అడిగింది. ఆ మెయిల్‌ని తెరిచి, చదివి, చదవనట్టు గుర్తు పెట్టి మూసేశాను.

శుక్ర, శని, ఆదివారాలు ఎండ మొహం చూపలేదు. గుప్త గారి కొట్టులో ఫోన్ దాదాపు మోగలేదు. ఇంట్లో కూర్చుని నేను దాన్ని గంటగంటకీ నా ఫోన్‌లో చూసుకున్నాను. గ్రాఫులో షాహినా ఫోన్ల గీత కిందికి దిగుతుంటే ఆకలి వేసింది, బాగా తిన్నాను.

సోమవారం పొద్దున్నే గుప్త గారు రామ్మోహన్ గారికి ఫోన్ చేశారు. ఏడుకొండలు అనే రైతు కొట్టు ముందు కూర్చుని ఉన్నాడట. కొల్లేటికోట మనిషి, ఈ ఏడాదే ఉండి అనే ఊరి దగ్గర చెరువు కౌలుకి తీసుకున్నాడు. ఆదివారం తెల్లారేసరికి చెరువులో చేప తేలిందట, మధ్యాహ్నానికి సగానికి పైగా పోయిందట. తాను ఏరేటర్లు అద్దెకిస్తానని తాడేపల్లిగూడెంలో అందరికీ తెలుసు, ఆ రైతుకి ఎందుకు తెలియలేదు, ఇన్నాళ్లూ ప్రకటనలు ఎవరికి చూపిస్తున్నారు, అని గుప్త గారు అడిగారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు, పెంచలేదు. రామ్మోహన్ గారు షాహినానీ నన్నూ వెళ్లి చూసి రమ్మన్నారు.

మంగళవారం ఉదయం ఇద్దరం కారులో ఆ చెరువు దగ్గరికి వెళ్లాం. తన ప్రచారమే ఎక్కడో దెబ్బతిందని ఆమె బెంగ. తన మెయిల్‌కి నా జవాబు సంగతి ఒకసారి ఎత్తి, నేను కిటికీలోంచి చూస్తుంటే మానేసింది.

గట్టు దిగకముందే వాసన తగిలింది. చచ్చిన చేపని ఒక పక్కకి లాగి గుట్టలు పోశారు. శీలావతి, బొచ్చె, ఒక్కోటి చేతి పొడుగు. ఇద్దరు కూలీలు గొయ్యి తవ్వుతున్నారు. ఏడుకొండలుకి ముప్పై అయిదేళ్లుంటాయి. మమ్మల్ని చూసి తువ్వాలుతో మొహం తుడుచుకుని, “కూర్చోండీ” అని మోటారు గది అరుగు చూపించాడు. తిట్టడం, నిలదీయడం లేవు. ఇంకో నెలన్నర ఉంటే పట్టుబడికి వచ్చేదని చెప్పాడు. కౌలు ఒప్పందం ఈ పంట మీదే నిలబడి ఉందని కూడా చెప్పాడు.

షాహినా తన అలవాటు ప్రశ్నే అడిగింది. ఆదివారం ఫోన్లో ఏమని వెతికారని. అతను చెప్పడం కన్నా చూపించడం నయమని ఫోన్ తీసి చరిత్ర తెరిచి నా చేతికిచ్చాడు, పెద్దవాణ్ని నేను కాబట్టి. ఐదూ పదికి ఒకటి. ‘చేపలు తేలుతున్నాయి ఏం చెయ్యాలి’. ఐదూ పద్నాలుగుకి, ‘చెరువులో చేపలు చచ్చిపోతున్నాయి’. ఐదూ ఇరవైకి, ‘చేపలు బతకాలంటే’. అక్కడితో ఆగింది. వెతికినప్పుడల్లా ఏవో వీడియోలు వచ్చాయన్నాడు. భీమవరంలో ఒక కొట్టు నంబరు దొరికిందట, ఆదివారం కావడంతో ఎవరూ ఎత్తలేదట. బావమరిది ఎక్కడి నుంచో ఏరేటరు మోసుకొచ్చేసరికి పది దాటిందట.

నెగటివ్ చేత ఆగిపోయిన వెతుకులాట ఏ రిపోర్టులోనూ రాదు. ‘ఇతర సెర్చ్ టర్మ్‌లు’ వరుసలోకి కూడా రాదు. అక్కడ కనీసం మునిగిపోయినవాటి మొత్తం ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. నేను ఆపినది నాకు ఎన్నడూ కనబడకూడదు, ఆ ధైర్యంతోనే ఆపాను. అది ఒక మనిషి ఫోన్‌లో, నిమిషాలతో సహా, నా అరచేతిలో ఉంది. మూడింటిలోనూ ఆ మాట ఉంది.

ఫోన్ తిరిగి ఇచ్చేసి, నా ఫోన్ తీసి, ఆ గట్టు మీదే ‘చేపలు’ని జాబితాలోంచి తీసేశాను. షాహినా అది చూసి, “థాంక్సండీ సార్” అంది. ఆ క్షణం నాకు ఆమె మీద ఉన్నంత కోపం అంతకుముందెప్పుడూ లేదు. నిలదీసి ఉంటే తిరగబడేవాణ్ని, ఆమె ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

బుధవారం సమావేశం. రామ్మోహన్ గారు, గుప్త గారు, మేమిద్దరం. ఆ మాట ఎవరు పెట్టారని గుప్త గారు అడిగారు. నేనేనన్నాను. కూర చేపల వాళ్ల క్లిక్‌లు మీ డబ్బు తినేస్తున్నాయి, ఆపడానికి పెట్టాను, వానలు ఇలా ముదురుతాయని ఊహించలేదు, అన్నాను. రిపోర్టు కాగితం మీద ఆ ఏడెనిమిది వరుసల కింద ఎర్ర గీతలు గీసి తెచ్చాను. షాహినా నా పక్షాన మాట్లాడింది. ఆ క్లిక్‌లు నిజమేనని, తాను మిగతా జంట మాటలు కూడా ముందే పెట్టి ఉంటే సార్‌కి ఆ అవసరం వచ్చేది కాదని, తప్పు తనదని చెప్పింది. అందరూ తల ఊపారు. గుప్త గారు ఆ రైతుకి మిగిలిన సీజనంతా రెండు ఏరేటర్లు అద్దె లేకుండా పంపుతానన్నారు. అక్టోబరులో విభాగం హెడ్‌గా నా పేరు ప్రకటించారు. జాగ్రత్త గల మనిషి కావాలని రామ్మోహన్ గారు కారణం చెప్పారు.

రెండున్నరేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను. షాహినా నా కింద పని చేసింది, కొత్తగా చేరినవారికి తనే శిక్షణ ఇచ్చేది. ఒకసారి ఆ గది పక్కనుంచి వెళ్తుంటే వినబడింది. “సీనియర్ ఒక మాట ఆపారంటే కారణం ఉంటుంది, తీసేముందు అడగండి. ప్రభాకరరావు గారు ఒకసారి చేపలు అన్న మాటే ఆపారు...” అని చెబుతోంది. నేను గబగబా నడిచి వెళ్లిపోయాను. కుర్చీ దక్కినా కుళ్లు తగ్గలేదు. ఇంత జరిగాక కూడా ఒకరిని అలా నమ్మగలగడం ఆమెకి ఎలా వచ్చిందని, అది నాకు ఎందుకు రాలేదని, దానికి కూడా కుళ్లుకున్నాను.

గత ఏడాది నేను రిటైరయ్యాను. నా స్థానంలోకి షాహినా. బాధ్యతలు అప్పగించే కాగితాల్లో ఆమె ఒక కొత్త పట్టిక చేర్చింది. అన్ని ఖాతాల్లోనూ నేను పెట్టిన ప్రతి నెగటివ్ మాట, పెట్టిన తేదీ, పక్కన ‘కారణం’ అన్న ఖాళీ గడి. చేంజ్ హిస్టరీలో ఎవరు, ఎప్పుడు, ఏమిటి ఉంటాయి గాని ఎందుకు అన్నది ఉండదు, అందుకని పెట్టానండీ అంది. నాలుగు రోజులు కూర్చుని నింపాను. ఆ ఆగస్టు గురువారం వరుస రాగానే చెయ్యి తనంతట తానే ‘కూర చేపల కొనుగోలుదారుల్ని ఆపడానికి’ అని రాసింది. అది చెరిపేసి, ‘షాహినా ప్రచారానికి ఫోన్లు రాకుండా చేయడానికి. అసూయతో’ అని రాశాను. గొప్ప మనసుతో రాయలేదు. వెళ్లిపోతున్నాను, ఇంక పోయేదేమీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం తన బల్ల దగ్గరికి పిలిచింది. పట్టిక ఆ వరుస దగ్గరే తెరిచి ఉంది. ఎదురుగా కూర్చున్నాను. ఆమె పట్టికని చివరిదాకా జరిపి చూసింది. తరవాత అడిగింది.

“ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయండీ?”

“రెండు” అన్నాను. ఒకటి భీమడోలు రైస్ మిల్లు ఖాతాలో. రెండోది ఏలూరు తివాచీల ఖాతాలో, అది ఆమె మొదటి ఏడాది సొంతంగా నడిపిన ప్రచారం. ఆ రెండు వరుసల్లో నేను మర్యాదైన కారణాలే రాసి ఉన్నాను. ఆమె రెండు మాటలూ రాసుకుంది, నా అనుమతి కాగితం మీద సంతకం చేయించుకుంది, నేను చూస్తుండగానే తీసేసింది. నియమం ప్రకారమే చేసింది. తివాచీల మాట తీసేటప్పుడు మాత్రం చెయ్యి ఒకసారి ఆగింది. తరవాత ఒక చిన్న కాగితం మీద ఫోన్ నంబరు రాసి నా ముందు పెట్టింది.

“ఏడుకొండలు గారిదండీ. ఆయనకి నేను చెప్పడం బాగోదు.”

మూడు రోజులు ఆ కాగితం జేబులో ఉంచుకుని నాలుగో రోజు చేశాను. అతను ఆ ఏడాదే కౌలు వదిలేసుకున్నాడట, ఇప్పుడు ఆకివీడు వైపు ఇంకొకరి చెరువు మీద కాపలా పని చేస్తున్నాడట. జరిగింది జరిగినట్టు చెప్పాను. సాటి ఉద్యోగి మీద కుళ్లుతో చేశానని కూడా చెప్పాను. అవతల మోటారు చప్పుడు వినబడుతోంది. అతను ఒక్కటే అడిగాడు.

“ఇప్పుడు ఆ మాట కొడితే వస్తుందాండీ?”

“వస్తుంది” అన్నాను. “సరేనండి, ఉంటాను” అని పెట్టేశాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. మీరు కొన్న మాటలకి లెక్క ఉంటుంది, మీరు ఆపిన మాటలకి ఉండదు. ఆపిన ప్రతి మాట పక్కన కారణం రాయండి, అది రాయడానికి చెయ్యి ఆడకపోతే ఆ మాట ఆపకండి. నేను అసూయతో ఆపినవి మొత్తం మూడు. ‘చేపలు’ ఎవరిని తాకిందో ఫోన్ చరిత్రలో చూశాను. మిగతా రెండూ ఎవరిని తాకాయో నాకు తెలియదు, తెలుసుకునే మార్గం లేదు.